లాగే ముందు మందు

కనుమ పండక్కి చంద్రగిరి మండలం రంగంపేటలో గిత్తల కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రాళ్లు ఎగబడతారు. ఆ తోపులాటలో చెయ్యి ఊతంగా పెట్టి పడితే భుజం కీలు తప్పడానికి క్షణం చాలు. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ధైర్యం చెబుతారు: ‘పళ్లు బిగబట్టుకోరా, ఒక్క లాగుకు సరిపోతుంది.’

ఆ ధైర్యం భుజానికి మేలు చెయ్యదు. నొప్పికి చుట్టూ ఉన్న కండలు బిగుసుకుని, ఎముకను గూట్లోకి పోనివ్వవు. బలంగా లాగితే నొప్పి, దానితో బిగువు ఇంకా పెరుగుతాయి. అందుకే నొప్పి తగ్గించడం వైద్యంలో మొదటి మెట్టు.

ఈ సీమలో ఎముక అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు మీద నమ్మకం తరతరాలది. కానీ తప్పిన కీలును సరిచేయడానికి ఎక్స్‌రే, మత్తు మందు, ఊపిరిని కనిపెట్టుకునే మనిషి కావాలి. అవి తిరుపతిలోని రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో ఉంటాయి.

అక్కడ నొప్పి తగ్గించే దారులు చాలానే ఉన్నాయి. ఎముక జారిన చోట భుజం కొన కింద గుంట పడుతుంది. అందులో సూది దించి, చేరిన నెత్తురు తీసేసి, 1 శాతం లిడోకైన్ 20 మిల్లీలీటర్లు మెల్లగా ఎక్కిస్తారు. తర్వాత పావుగంట ఆగాలి. ఈ పద్ధతిలోనూ రక్తనాళంలోకి ఇచ్చే మత్తుతో సమానంగానే కీలు కూర్చుంటోందనీ, రోగి త్వరగా ఇల్లు చేరవచ్చనీ 2011 నాటి కోక్రేన్ సమీక్ష చెప్పింది.

కండ మరీ బిగుసుకున్నవాళ్లకు ప్రొపోఫాల్, కెటామిన్ ఇస్తారు. అప్పుడు ఆక్సిజన్, మానిటర్ తప్పనిసరి. మెడ దగ్గర నరాలకు మత్తిస్తే ఊపిరి తీసే కండరం కూడా మందగించవచ్చు కాబట్టి, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ల విషయంలో డాక్టర్లు ఆచితూచి అడుగేస్తారు. ఆస్ట్రేలియా వైద్యుడు నీల్ కన్నింగ్‌హామ్ పద్ధతిలోనైతే రోగిని నిటారుగా కూర్చోబెట్టి, భుజం కండలు నిమిరి సడలిస్తారు. లాగుడే ఉండదు.

వెంట వెళ్లినవాళ్లు మొహమాటపడకుండా అడగాలి: ‘సార్, లాగే ముందు నొప్పికి ఏమిస్తారు?’ చివరిసారి ఎప్పుడు తిన్నాడో, ఏ మందు పడదో కూడా వాళ్లే చెప్పాలి. కీలు కూర్చున్నాక మళ్లీ ఎక్స్‌రే తీయించి, భుజం బయటివైపు స్పర్శ తెలుస్తోందో లేదో చూపించుకుని, స్లింగ్ వేయించుకున్నాకే ఇంటికి బయల్దేరాలి.