జత కుదిర్చే నేర్పు

తక్కువ ఖర్చులో గేర్ల సైకిల్ కూర్చే మెకానిక్ పనితనమంతా గేరు మార్చే షిఫ్టర్‌కూ వెనక డిరైలర్‌కూ జత కుదర్చడంలో ఉంది. గేర్ల లెక్క షిఫ్టర్‌ది. డిరైలర్‌కు తెలిసింది ఒక్కటే: కేబుల్ ఎంత కదిలితే ఆ నిష్పత్తిలో చైన్‌ను జరపడం. షిమానో 8 గేర్ల షిఫ్టర్ క్లిక్‌కు సుమారు 2.8 మిల్లీమీటర్ల కేబుల్ లాగుతుంది. డిరైలర్ దాన్ని 1.7 రెట్లు చేస్తే 4.8 మిల్లీమీటర్లు, అంటే క్యాసెట్‌లో పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం. షిమానో 9 గేర్ల మౌంటెన్ డిరైలర్ నిష్పత్తి కూడా ఇదే, అందుకే అదీ ఈ షిఫ్టర్‌తో చక్కగా నడుస్తుంది. 10 గేర్ల మౌంటెన్ డిరైలర్ నిష్పత్తి వేరు, అది కుదరదు.

ఖరీదైన కొత్త సెట్టు బిగించడం చాలామందికి వచ్చు. పాత సామాన్లలో కలిసేవి ఏరి, కేబుల్ బిగువు సరిచూసి, ప్రతి క్లిక్‌కూ గేరు పడేలా చేసే మెకానిక్ కొనేవాడి డబ్బునూ, మంచి వస్తువు ఆయుష్షునూ నిలబెడతాడు. ఆ విద్యకు దండం పెట్టాలి.