తఖల్లుస్ వేరు, ముసుగు వేరు

ఆన్‌లైన్‌లో మనిషికి ఒళ్లుండదు, కులం మతం అంటవు, ఎవరికి నచ్చిన పేరుతో వాళ్లు బతకొచ్చని సెక్యులర్ మిత్రులు చాలామంది అన్నారు. మేమూ నమ్మాం. మా పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆ నమ్మకం నిలవలేదు.

2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే యాప్‌లు బయటపడ్డాయి. జర్నలిస్టులు, కార్యకర్తలు, విద్యార్థినులు - ముస్లిం ఆడవాళ్లయితే చాలు, వాళ్లు పెట్టుకున్న ఫొటోలనే ఎత్తుకెళ్లి 'వేలం' వేశారు. నిజంగా అమ్మకమేదీ లేదు. అవమానించడమే దాని పని. వేలం వేసినవాళ్లు దొంగ పేర్ల చాటున ఉన్నారు. రెండో యాప్ ప్రచారానికి సిక్కుల పేర్లు వాడుకున్నారని ముంబై పోలీసులే చెప్పారు. వేలానికెక్కిన ఆడవాళ్లు మాత్రం సొంత పేరుతో, సొంత మొహంతో ఉన్నారు.

నచ్చిన పేరు పెట్టుకునే స్వేచ్ఛ ఎవరికి దక్కిందో ఇక్కడే తేలిపోయింది. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' అని దేన్నన్నారో అది తెరమీదికీ మా వెంటే వచ్చింది.

మారుపేరు మాకు కొత్త కాదు. రఘుపతి సహాయ్ 'ఫిరాఖ్' అయ్యారు. షేక్ యూసుఫ్ బాబా 'స్కైబాబ' అయ్యారు. కానీ తఖల్లుస్ పెట్టుకున్న కవి ముషాయిరాలో లేచి నిలబడి చదువుతాడు. మెచ్చుకున్నా, నిలదీసినా మనిషి ఎదుటే ఉంటాడు. తఖల్లుస్ మాటకు పూచీ పడుతుంది. ముసుగు ఆ పూచీని తప్పించుకుంటుంది.

మరి మేమేం చేశాం? వేలం వార్త చదివి మా ఇళ్లల్లో ఆడపిల్లల్ని పిలిచి "ఫొటో తీసెయ్ బేటీ" అన్నాం. వాళ్లు తీసేసి గులాబీ బొమ్మ పెట్టుకున్నారు. మగవాళ్లం మా ఫొటోలు అలాగే ఉంచుకున్నాం. దొంగ పేర్లవాళ్లు కోరుకున్నదాన్ని ఇంటిపెద్దలమై మేమే పూర్తిచేశాం. దానికి పరువని పేరు పెట్టాం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఉర్దూలో రాసేటప్పుడు మా కోపం కోపంగానే ఉంటుంది. తెలుగులోకి రాగానే రంజాన్ హలీమ్, పీర్ల పండగ, మతసామరస్యం - అంతవరకే. 'మంచి ముస్లిం' అనిపించుకోవడానికి కట్టిన వేషమిది. ఎదుటివాడి ముసుగు గురించి రాస్తున్న మేం దీన్నేమనాలి?

సెక్యులర్ మిత్రులు మా కోపాన్ని తెలుగులో కూడా వినాలి. మేం మాత్రం ముందు ఇంట్లో మొదలుపెట్టాలి. ఆ ఫొటో మళ్లీ పెట్టుకోవాలా వద్దా అన్నది ఆ పిల్ల తేల్చుకోవాలి. పెట్టుకుంటే ఆమె పక్కన మా పేర్లతో మేం నిలబడాలి.