జానకమ్మ గొంతు పనితనం

పాత వీడియోల్లో నేపథ్య గాయని ఎస్. జానకి పాడుతుంటే ఒకసారి గమనించండి. చెయ్యి ఊపరు, ముఖం కదలదు. అభినయమంతా గొంతులోనే. నవ్వు, వెక్కిళ్లు, నిట్టూర్పు, ఏది కావాలన్నా ఊపిరి ఎక్కడ తెంచాలో, ఎక్కడ బిగబట్టాలో ఆమెకు తెలుసు.

1962 నాటి తమిళ చిత్రం 'కొంజుం సలంగై' తెలుగులో 'మురిపించే మువ్వలు'గా వచ్చింది. అందులో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికి సమఉజ్జీగా ఆమె గొంతు నిలబడింది. వాద్యంలో గమకం ఎటు మెలితిరిగితే గొంతూ అటే. మధ్యలో ఊపిరి ఎప్పుడు పీల్చుకున్నారో పట్టుకోవడం కష్టం. నాదస్వరంతో పోటీ అంటే మాటలా!

'సప్తపది' (1981)లో వినిపించే పసిగొంతు కూడా ఆమెదే. పిల్లల గొంతంటే సన్నగా పాడేస్తే సరిపోదు. మాటలో ముద్దుతనం రావాలి, శ్రుతి మాత్రం జారకూడదు. చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

నాటి గుంటూరు జిల్లాలో పుట్టిన ఈ తెలుగింటి ఆడపడుచును తమిళులు, కన్నడిగులు, మలయాళీలు తమ మనిషే అనుకున్నారు. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, మరీ ఆలస్యంగా ఇచ్చారంటూ వద్దన్నారు. ఆ మాట అనే హక్కు ఆమెకుంది.