గుండెమంట రిపోర్టు

రిపోర్టులో ‘బారెట్స్’ అని కనపడితే చాలు, మా మెదక్‌లో మనిషికి పైప్రాణాలు పైనే పోతాయి. మొన్న రామాయంపేట దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన కుర్చీలో కూర్చోకముందే అడిగాడు: “సారూ, ఇంక ఎన్నేండ్లు బతుకుత? పొలం పిల్లల పేరు మీద చేయించుమంటరా?” స్కోపు (ఎండోస్కోపీ) చేసిన చోట ‘కేన్సర్‌కు ముందు దశ’ అన్నారట. అంతకుమించి ఎవరూ చెప్పలేదు.

ఏళ్ల తరబడి పుల్లతేన్పులు, గుండెమంట ఉన్నవాళ్లలో కొందరికి అన్నవాహిక అడుగున లోపలి పొర మారుతుంది. లేత రంగులో ఉండాల్సిన చోట పేగుల పొరలాంటిది ఎర్రగా పైకి పాకుతుంది. లండన్ సర్జన్ నార్మన్ బారెట్ 1950లో దీని గురించి రాస్తూ, అది పైకి జరిగిన కడుపు భాగమే అనుకున్నారు. తర్వాత అది అన్నవాహికేనని తేలినా ఆయన పేరే నిలిచిపోయింది.

స్కోపు పనిలో తొందర పనికిరాదు. గొంతులో మత్తు స్ప్రే కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, నురగ కడిగి, మారిన పొరను సెంటీమీటరుకో నిమిషం చొప్పున చూడాలి. ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపుల నుంచీ ముక్కలు తీయాలి. కణాలు దారితప్పుతున్నాయా లేదా అన్నది ఆ ముక్కలే చెబుతాయి. ఒకవేళ తప్పుతుంటే ఆ పొరను స్కోపుతోనే కాల్చేసే, తీసేసే వైద్యం హైదరాబాద్‌లో ఉంది.

డెన్మార్క్‌లో 11,028 మంది బారెట్స్ రోగుల లెక్క తీసి 2011లో ప్రచురించారు. మొదటి ఏడాది దాటాక కేన్సర్ వచ్చింది ఏటా వెయ్యికి ఒకరికి, కాస్త ఎక్కువ. మేం చదువుకున్నది వెయ్యికి ఐదుగురని! మామూలు జనంతో పోలిస్తే పదకొండు రెట్లు నిజమే, కానీ ఆ మామూలు లెక్కే చాలా చిన్నది. 2010లో పలు అధ్యయనాలు కలిపి చూస్తే, ఈ రోగుల చావుల్లో నూటికి 93 వేరే కారణాలవి. వాటిలో గుండె జబ్బులదే పెద్ద వాటా.

అందుకే ఆ పెద్దాయనకు ముందు బీపీ చూశాను. 170/100. మాత్ర మానేసి చాన్నాళ్లయిందట. బీడీ మాత్రం మానలేదు. పొలం సంగతి పక్కనపెట్టి ఆ రెండింటి గురించే చాలాసేపు మాట్లాడాను. ఆయన ముక్కల్లో తేడా ఏమీ లేదు, మారిన పొర 3 సెంటీమీటర్ల లోపే ఉంది. మళ్లీ స్కోపు ఐదేళ్లకు చాలు.

నా దిగులంతా ఏ రిపోర్టూ లేనివాళ్ల గురించి. మన దేశంలో అన్నవాహిక కేన్సర్ ఎక్కువగా ఈ బారెట్స్ రకం కాదు. పొగాకు, మద్యం తెచ్చిపెట్టే ఇంకో రకం. దానికి ముందు గుండెమంట ఉండాలనేం లేదు. ముద్ద దిగకపోతే గటక తాగుతారు, గటక దిగకపోతే పల్చటి జావ, ఆపైన మజ్జిగ. నీళ్లు కూడా దిగనప్పుడు మా దగ్గరికి వస్తారు. అప్పటికి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికి రాసి పంపడం తప్ప నేను చేయగలిగింది ఉండదు. ముద్ద అడ్డం పడుతోందని ఇంట్లో ఎవరన్నా అంటే, ఆ వారంలోనే స్కోపుకు తీసుకురండి.