శిష్టు లెవ్వరు? – వెబ్‌స్టరు మూఁడవ నిఘంటు విమర్శనము

శబ్దసాధుత్వమునకు శిష్టప్రయోగమే ప్రమాణమని వైయాకరణు లెల్లరు నంగీకరింతురు. శిష్టు లెవ్వరను నెడనే వివాదము పుట్టును. ఇరువదవ శతాబ్ది నడుమ అమెరికా సంయుక్తరాష్ట్రములం దొక నిఘంటువు నిమిత్తముగా నీ వివాదము మిక్కిలి తీవ్రముగాఁ జెలరేఁగెను. ఆ నిఘంటువు గుణదోషములను, దానివలన నా దేశపు సంఘమునఁ గలిగిన మార్పు తెలియవచ్చు తెఱంగును విచారించుట యీ వ్యాసోద్దేశము.

1961వ సంవత్సరమున మాసచూసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు పట్టణమునుండి మెరియం సంస్థవారు వెబ్‌స్టరు నూతన అంతర్జాతీయ నిఘంటువు మూఁడవ కూర్పును వెలువరించిరి. సంపాదకుఁడు ఫిలిప్ బాబ్‌కాక్ గోవ్. ఇందు 4,50,000కుఁ బైగాఁ బదములు కలవు. క్రొత్తగాఁ జేరిన పదములును అర్థములును 1,00,000. 1934వ సంవత్సరపు రెండవ కూర్పునందలి పదములు రమారమి 2,50,000 తొలఁగింపఁబడినవి.

గోవ్ మతము సులభగ్రాహ్యము. నిఘంటుకారుఁడు జనులాడు భాషను యథాతథముగాఁ జూపవలయును గాని శాసింపఁగూడదు. కావున నతఁడు లక్షలకొలఁది ప్రయోగపత్రముల నాధారముగాఁ గొని, షేక్స్పియరు మొదలగు పూర్వకవుల వాక్యములతోఁ బాటు నటీమణుల మాటలను, అపరాధపరిశోధక కథలు వ్రాయువారి వాక్యములను సైత ముదాహరించెను. మఱియు వెనుకటి కూర్పునఁ గొన్ని పదములకుఁ దగిలింపఁబడిన ‘సంభాషణమునఁ జెల్లునది’ యను గుఱుతును బూర్తిగా విడిచెను.

గ్రంథము వెలువడఁగనే పత్రికలు మండిపడినవి. న్యూయార్కు టైమ్సు 1961 అక్టోబరులో దానిని నిరసించి సంపాదకీయము వ్రాసెను. 1962 జనవరిలో విల్సన్ ఫాలెట్టు అట్లాంటిక్ పత్రికయందు దానిని భాషావిధ్వంసముగా వర్ణించెను. మార్చిలో డ్వైట్ మెక్‌డొనాల్డు న్యూయార్కరు పత్రికయందు దీర్ఘవిమర్శనమును బ్రకటించెను. ‘ఎయింట్’ అను వ్యతిరేకరూప మీ కోపమునకు ముఖ్యమైన గుఱి యయ్యెను. కాను, కాదు, లేదు మొదలగు నర్థములందు జనులు వాడునట్టియు, బడియందు బాలురు వాడినచో నుపాధ్యాయులు దిద్దునట్టియు రూపమిది. విద్యావంతులు సైతము పలువురు మాటలాడునపుడు దీనిని వాడుదురని నిఘంటువు తెలిపెను. అనేకులు దీనిని మెచ్చరనియు నచ్చటనే తెలిపెను. ప్రకాశకుల ప్రకటనమునందు మొదటి మాట యుండి రెండవది లోపించుటచే నపోహ ప్రబలెను. నిజమునకు రెండవ కూర్పునందును నీ రూపము కలదు. 1962 మే నెలలో బెర్గెన్ ఇవాన్సు ప్రత్యుత్తరమిచ్చుచు, రెండవ కూర్పునే పాటింతుమని పలికిన టైమ్సువారి సంచికయందే యా కూర్పునకెక్కని పదములును బ్రయోగములును నూటికిఁ బైగాఁ గలవని చూపెను.

ఈ కలహము పదమునుగూర్చినది కాదు, అధికారమునుగూర్చినది. 1944వ సంవత్సరపు శాసనముచేత యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులు రమారమి 22,00,000 మంది కళాశాలలఁ జేరిరి. రైతుల బిడ్డలును బనివాండ్ర బిడ్డలును బట్టభద్రులైరి. రేడియోయు టెలివిజనును ధనికుని యింటను గూలివాని యింట నొక్కమాటనే వినిపించెను. చదివినవా రింతగాఁ బెరిగినపుడు చదివినవాని భాష యేది? ఈ ప్రశ్నకు గోవ్ నిఘంటువు సమాధానము. దానిపై రేఁగిన కోపము, వెనుకటి శిష్టవర్గమువారు తమ పీఠము కదలుచున్నదని యెఱిఁగినందునఁ గలిగినది.

మన శాస్త్రమున నీ చర్చ నూతనము గాదు. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవును గాని, శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని పతంజలి చెప్పెను. సూత్రమునుబట్టి వాదించిన వైయాకరణుని, వ్యవహార మెఱిఁగిన సారథి నిరుత్తరునిఁ జేసిన కథయు మహాభాష్యమునఁ గలదు. ఇంతవఱకు గోవ్ మతము భాష్యసమ్మతమే. కాని యా భాష్యకారుఁడే ‘శవ’ ధాతువు గత్యర్థమునఁ గాంబోజులయందే చెల్లుననియు, ఆర్యులయందు వేఱర్థముననే యున్నదనియు విభజించి చెప్పెను. ప్రయోగము కలదని చెప్పుట సగము పని. ఎవ్వరు, ఎచ్చట, ఎట్టి సందర్భమునఁ బ్రయోగింతురో చెప్పుట తక్కిన సగము. గోవ్ ఆ రెండవ సగమునఁ గొంత విడిచెను. సందర్భము లేని పదమునకు గుఱుతు పెట్టుట పొసఁగదని యతని వాదము. పదమునకుఁ దగిన సందర్భమును దెలుపుటకే కదా నిఘంటువు! ఫాలెట్టు ప్రభృతుల యాక్షేపములలో నిలువఁదగినది యిదియే.

ఇది పండితుల వినోదచర్చ మాత్రము గాదు. మిషిగన్ రాష్ట్రమందలి ఆన్ ఆర్బరు పట్టణమున నల్లజాతి బాలురు కొందఱు బడిలోఁ జదువుట నేర్వలేక వెనుకఁబడఁగా, వారి పక్షమున న్యాయస్థానమున వ్యాజ్యెము వేయఁబడెను. వారి యింటి భాషకును నియమములు గలవని భాషాశాస్త్రజ్ఞులు సాక్ష్యమిచ్చిరి. 1979లో న్యాయాధిపతి చార్లెస్ జాయినరు, ఉపాధ్యాయులు బాలుర యింటి భాషను గుర్తించి, యా తెలివితో గ్రంథభాషఁ జదువ నేర్పవలయునని తీర్పు చెప్పెను. బాలుఁడు తప్పు పలికెనని యెంచుట వేఱు. వేఱొక నియమమునుబట్టి పలికెనని యెఱుఁగుట వేఱు. మొదటిదానివలన బాలుఁడు మందబుద్ధి యనిపించుకొనును. రెండవదానివలన శిష్యుఁ డగును. పాఠశాలలయం దధ్యాపకత్వము నెఱపువా రీ భేదమును మనసున నుంచుకొనవలయును.

1969లో వెలువడిన అమెరికన్ హెరిటేజి నిఘంటువువారు రమారమి 100 మంది రచయితలను సభగాఁ గూర్చి, యే ప్రయోగ మెందఱికి సమ్మతమో తెలిపిరి. ఆ సభయు 2018లో రద్దయ్యెను. 1885లో వెలువడిన మన శబ్దరత్నాకరము కావ్యప్రయోగమునే ప్రధానముగాఁ గొని నోటి మాటను వెలుపల నుంచెను. వెబ్‌స్టరు మూఁడవ కూర్పు నోటి మాటను లోనికిఁ దెచ్చి, దాని తావును జెప్పుటలోఁ గొఱఁత చేసెను. రెండింటిలో నీ రెండవ లోపమే స్వల్పము. ఏలయన, లేని గుఱుతును దరువాతివారు చేర్పవచ్చును. వ్రాసి పెట్టని వాడుక, పలికినవారితోనే నశించును.