ఏ డిస్కుకా డిస్కు

పెళ్లి వీడియోల్లాంటి పెద్ద ఫైళ్లను డీవీడీల్లోకి బ్యాకప్ తీసేటప్పుడు చాలామంది అన్నిటినీ కలిపి ఒకే ఆర్కైవ్ చేసి, దాన్ని 4.7 జీబీల చొప్పున ముక్కలు చేసేస్తారు. స్క్రిప్టు రెండు లైన్లలో అయిపోతుంది, చోటూ వృథా పోదు. అయినా ఇది సరైన పద్ధతి కాదని నా వాదన. జీజిప్‌తో కుదించిన టార్ ఫైలును అలా కోశాక మూడో డిస్కు గీతలు పడి చదవకపోతే, నాలుగోది, ఐదోది నిక్షేపంగా ఉన్నా మామూలుగా తెరుచుకోవు. ముందు ముక్క విప్పితేగానీ తరవాతి ముక్క విప్పడం కుదరదు. బ్యాకప్ తీసుకునేదే ఇలాంటి రోజు కోసం కదా! అందుకే ఏ ఫైలునూ కోయకుండా, పరిమితికి లోబడి గుంపులు కట్టి, ఒక్కో గుంపును విడి ఆర్కైవ్ చేయాలి. అప్పుడు ఒక డిస్కు పోయినా అందులోవే పోతాయి.

అలా చేస్తే డిస్కులు ఎక్కువ పట్టవా అంటారు. అది పేర్చే వరసను బట్టి ఉంటుంది. 1.5, 2, 3.1, 2.6 జీబీల ఫైళ్లు నాలుగున్నాయనుకుందాం. వచ్చిన వరసలోనే నింపితే మొదటి రెండూ ఒక డిస్కులో పడతాయి, మిగతావాటికి చెరొకటి కావాలి. మొత్తం మూడు. అదే పెద్దవాటితో మొదలుపెట్టి, ప్రతి ఫైలునూ అది పట్టే మొదటి డిస్కులో వేస్తూ పోతే 3.1 పక్కన 1.5, 2.6 పక్కన 2 చేరి రెండే సరిపోతాయి. ఈ ఉపాయానికి గణితం పూచీ కూడా ఉంది: పెద్ద మొత్తాల్లో ఇది అత్యుత్తమ అమరిక కంటే దాదాపు తొమ్మిదింట రెండు వంతులకు మించి అదనంగా వాడదని డేవిడ్ జాన్సన్ 1973లో నిరూపించాడు. ఆ అత్యుత్తమ అమరికే కావాలని పట్టుబడితే, దాన్ని ఎప్పుడైనా సరే వేగంగా కనిపెట్టే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

అంతకంటే బలమైన అభ్యంతరం, సైజును బట్టి సర్దితే ఒకే పెళ్లి నాలుగు డిస్కుల్లో చెల్లాచెదురవుతుందని, కొత్త ఫైళ్లు చేరాక స్క్రిప్టును మళ్లీ నడిపితే గుంపులన్నీ తారుమారవుతాయని. రెండూ నిజమే. కాబట్టి ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితాను స్క్రిప్టే రాసి ప్రతి డిస్కులోనూ వేయాలి. ఇప్పటికే బర్న్ చేసినవాటి జోలికి పోకుండా కొత్తవాటికే గుంపులు కట్టాలి. లెక్క కూడా బైట్లలోనే వేయాలి. డబ్బా మీద 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు, విండోస్ దాన్నే 4.38 అని చూపిస్తుంది. టార్ ఒక్కో ఫైలుకూ కనీసం 512 బైట్ల హెడర్ చేరుస్తుంది కాబట్టి కొన్ని మెగాబైట్లు ఖాళీ వదలడం మేలు. ఒక్క ఫైలే పరిమితి దాటితే మాత్రం దాన్ని కోయక తప్పదు. అలాంటిది తగిలినప్పుడు స్క్రిప్టు చడీచప్పుడు లేకుండా దాటేయకూడదు, ఫైలు పేరు చూపించి ఆగాలి.