ఒక్క రోగి వృత్తాంతము ఎంతవరకు సాక్ష్యము?

అరుదైన వ్యాధి సోకిన ఒక రోగిని గూర్చి, అతనికిచ్చిన మందులను గూర్చి, తుదకు జరిగినదానిని గూర్చి రెండు మూడు పుటలలో వ్రాయుట వైద్యపత్రికలలో పాత ఆచారము. దీనిని కేసు రిపోర్టు అందురు. రక్తకేన్సరు రోగుల రక్తములో అరుదైన బాక్టీరియా ప్రవేశించినపుడు ఏ మందు వాడవలెనో తేల్చుకొనుటకు వైద్యులు నేటికిని ఇట్టి వృత్తాంతముల మీద చాలవరకు ఆధారపడుచున్నారు. వీనిలో అనేకము ఒకే రీతిగా ముగియును: ఫలానా మందు ఇవ్వబడినది, రోగి కోలుకొన్నాడు. మందు వలననే కోలుకొన్నాడా? వృత్తాంతమును చదువువారు మొదట అడుగవలసిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నకు కొలబద్ద 1966లోనే లభించినది. జెరాల్డ్ బోడీ, ఎమిల్ ఫ్రైరైక్ మొదలగువారు ఆ యేట 'యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్' అను అమెరికా పత్రికలో, తీవ్రమైన లుకీమియా గల 52 మంది రోగులను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించిరి. మన రక్తములో గ్రాన్యులోసైటులను తెల్లకణములు కలవు. బాక్టీరియాను పట్టి మ్రింగివేయుట వీని పని. ఆరోగ్యవంతుని రక్తములో ఘన మిల్లీమీటరుకు ఇవి కొన్ని వేలు ఉండును. లుకీమియా ఎముకల మూలుగను ఆక్రమించుట చేతను, దానికి వాడు మందులు ఆ మూలుగనే అణచివేయుట చేతను ఈ సంఖ్య పడిపోవును. అది 1000 కంటె తగ్గినది మొదలు అంటువ్యాధులు హెచ్చుననియు, 100 కంటె తగ్గినపుడు మరింత తీవ్రమగుననియు, కొరత ఎన్నాళ్లు నిలిచినదన్న విషయము కూడ అంతే ముఖ్యమనియు ఆ వ్యాసము లెక్కలతో చూపినది. ఇంకొక సంగతి మరింత గమనింపదగినది. వ్యాధి సోకిన పిమ్మట కణముల సంఖ్య పెరిగినవారిలో మరణములు తక్కువ, పెరుగనివారిలో ఎక్కువ.

ఆ వ్యాసమునకు లోపములు లేకపోలేదు. అది ప్రధానముగా కణముల సంఖ్యనే ఆశ్రయించినది. లుకీమియా రోగిలో కణములు లెక్కకు ఉన్నను సరిగా పనిచేయక పోవచ్చును. రొమ్ములోని పెద్ద సిరలో నెలల తరబడి ఉంచు కాథెటరు గొట్టములు 1970ల దశకములో వాడుకలోనికి వచ్చినవి గనుక, ఆ త్రోవను ప్రవేశించు బాక్టీరియా ప్రసక్తిని అందులో వెదకుట అనవసరము. అయినను తరువాతి వారి వృత్తాంతములను కొలుచుటకు ఆ ఒక్క వ్యాసము చాలును.

1971లో షింఫ్ మొదలగువారు మరియొక మార్పు తెచ్చిరి. కణములు తగ్గిన రోగికి జ్వరము రాగానే, రక్తపు కల్చరు ఫలితము కొరకు వేచియుండక, కార్బెనిసిల్లిన్, జెంటామైసిన్ మందులను కలిపి మొదలుపెట్టవలెనని వారు చూపిరి. ఇది ఎందరినో రక్షించిన పద్ధతి. కాని గుడ్డిగా వేసిన బాణము సాధారణముగా తారసపడు బాక్టీరియాకే తగులును. అరుదైనది తప్పించుకొనును.

స్టెనోట్రోఫోమోనాస్ మాల్టోఫీలియా అట్టిది. నేలలో, నీటిలో, మొక్కల వేళ్లచెంత, ఆసుపత్రి కుళాయిలలో సయితము ఇది నివసించును. 1961లో దీనికి సూడోమోనాస్ అనియు, 1983లో జాంథోమోనాస్ అనియు, 1993లో నేటి పేరును పెట్టిరి. కొద్దిపాటి ఆహారములనే తినునది అని దీని భావము. ఎక్కడపడితే అక్కడ బ్రదుకు జీవికి ఈ పేరు కుదిరినట్లు తోచదు. పేర్లు మారుట వలన పాత వృత్తాంతములు మూడు చోట్ల చెదరిపోయినవి. ఇతర మందులు పనిచేయనపుడు వైద్యులు ఆశ్రయించు కార్బపెనెమ్ జాతి మందులను ఛేదించు ఎంజైము ఈ బాక్టీరియాలోనే పుట్టుచున్నది. కావున ఆ మందు మిగిలినవానిని చంపి దీనికి చోటు కల్పించును.

ట్రైమెథోప్రిమ్, సల్ఫమెథాక్సజోల్ అను జంటమందు దీనికి చిరకాలముగా ప్రధాన ఔషధము. ఒక రోగికి దీనిని మొదలుపెట్టిన ఐదవనాడు జ్వరము తగ్గినదనుకొందము. రెండవనాడు కాథెటరు తీసివేసిరి. నాల్గవనాడు గ్రాన్యులోసైటులు పెరుగనారంభించినవి. గెలుపు ఎవరిది? వృత్తాంతము వ్రాసినవారు తరచు మందు పేరునే శీర్షికకు ఎక్కింతురు. కణముల సంఖ్యను ఒకటి రెండు సార్లు పేర్కొని విడిచిపెట్టుదురు. ప్రయోగశాలలో ఒక విద్యార్థి ఉష్ణోగ్రతను, గాఢతను, ఉత్ప్రేరకమును ఒకేసారి మార్చి, చర్య వేగము పెరుగుటకు ఉత్ప్రేరకమే కారణమని వ్రాసినచో ఏ ఉపాధ్యాయుడును మార్కులు వేయడు. పైగా అదే మందు తీసికొని మరణించినవారిని గూర్చి కలము పట్టువారు తక్కువ.

పాత రికార్డులను చూచి రెండు మందులను పోల్చిన వ్యాసములు కొంత మేలే. అయితే రోగి మూత్రపిండముల స్థితిని, బలమును బట్టి వైద్యుడే మందును ఎంచుకొనియుండును గనుక, ఆ రెండు వర్గముల రోగులు మొదటినుండియు సమానులు కారు. 2024లో అమెరికా అంటురోగ వైద్యసంఘము ప్రకటించిన మార్గదర్శకము, రోగి తేరుకొనువరకైనను సెఫిడెరొకాల్, మైనోసైక్లిన్, జంటమందు, లెవోఫ్లాక్సాసిన్ లలో రెండింటిని కలిపి వాడుట మేలని సూచించుచు, ఆధారములు కొద్దిపాటివేనని దాచక చెప్పినది. ఈ నిజాయితీ మెచ్చదగినది.

జంటమందు విషయములో చిక్కు మరియొకటి కలదు. భీమవరములో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన మందులను తయారుచేసినది. వానిలో అమినోప్టెరిన్ ను 1948లో సిడ్నీ ఫార్బర్ లుకీమియా పిల్లలకు వాడెను. దాని సోదరియగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో ఉన్నది. ట్రైమెథోప్రిమ్ బాక్టీరియాలో అడ్డగించునది ఆ ఎంజైమునే. మానవకణములలోని ఎంజైమును అది చాల స్వల్పముగా తాకును. అయినను పెద్ద మోతాదులలో, అందును మెథోట్రెక్సేట్ తోడైనపుడు, మూలుగ అణగిపోవచ్చును. అనగా బాక్టీరియాను చంపు మందు గ్రాన్యులోసైటుల రాకను ఆలస్యము చేయగలదు. కణముల దైనిక సంఖ్యను పట్టికగా ఇవ్వని వృత్తాంతమునుండి ఈ ఆలస్యమును సయితము పాఠకుడు కనిపెట్టలేడు.